మీరిచ్చే రూపాయి ఎటు వెళ్తుంది? పర్లాకిమిడిలో మా సేవా క్లబ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

రసీదు పుస్తకం పట్టుకుని ఎవరి గుమ్మం ఎక్కినా ముందు ప్రశ్నలు వస్తాయి, ఆ తర్వాతే డబ్బు వస్తుంది. అలా అడగడమే మంచిది. చాలా ఏళ్లుగా మా క్లబ్ లెక్కలు చూస్తున్నాను కాబట్టి ఆ ప్రశ్నలు ఎక్కువగా నాకే తగులుతాయి. బజార్లో, పెళ్లిళ్లలో, రైల్లో జనం అడిగినవి అడిగినట్టే ఇక్కడ పెడుతున్నాను. మాది గజపతి జిల్లా, ఒడిశా. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న మా ఊరికి ఆనుకునే పాతపట్నం ఉంది, అది శ్రీకాకుళం జిల్లా. ఆఫీసు కాగితం ఒడియాలో, వంటింట్లో మాట తెలుగులో, కొండ ఎక్కితే సవర. మా సేవంతా ఈ మూడు భాషల మధ్యే నడుస్తుంది.

సేవా క్లబ్బంటే డబ్బున్నవాళ్లు సూట్లు వేసుకుని కూర్చునే చోటే కదా?

ఆ మాట పడటానికి కారణం ఉంది. ఫోటోల్లో మేం అలాగే కనిపిస్తాం. కానీ మా సభ్యుల్లో మందుల షాపాయన ఉన్నారు, రిటైరైన టీచర్లు ఉన్నారు, బట్టల కొట్టాయన, బ్యాంకులో చేసే అమ్మాయి, ఇన్సూరెన్స్ ఏజెంట్లు ఉన్నారు. ఈ పద్ధతి మొదలైందే అలాంటి మామూలు పనివాళ్లతో. 1905 ఫిబ్రవరి 23న చికాగోలో పాల్ హారిస్ అనే లాయరు మరో ముగ్గురితో కూర్చుని రోటరీ క్లబ్ పెట్టారు. ఒకవారం ఒకరి ఆఫీసులో, మరోవారం ఇంకొకరి ఆఫీసులో వంతులవారీగా కలిసేవారు, ఆ పేరు అలా వచ్చింది. 1917లో అదే ఊళ్లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ వ్యాపారి లయన్స్ క్లబ్బుకు పునాది వేశారు. 1920 నాటికే కలకత్తాలో రోటరీ ఉంది. లయన్స్ 1956లో బొంబాయి నుంచి మన దేశంలో మొదలైంది.

మీరు వసూలు చేసిన దాంట్లో మీ భోజనాలకు, మీటింగులకు ఎంత పోతుంది?

ఒక్క రూపాయి కూడా పోదు. పోకూడదు కూడా. నన్ను అడిగితే ఈ పేజీలో మీరు తప్పకుండా చదవాల్సిన జవాబు ఇదే.

మాకు రెండు ఖాతాలు ఉంటాయి. ఒకటి మా సొంతది: సభ్యులు ఏటా కట్టే చందా అందులో పడుతుంది. హాలు అద్దె, టీలు, భోజనాలు, పై సంస్థకు కట్టాల్సిన రుసుము, ముఖ్య అతిథికి వేసే దండ అన్నీ అందులోంచే. రెండోది సేవా ఖాతా: మీరిచ్చింది, హుండీలో పడింది, ప్రదర్శనల టికెట్ల మీద వచ్చింది అందులో పడుతుంది. అది ఊరికి తప్ప ఇంకెవరికీ పోదు. లయన్స్ నియమావళి ఈ సంగతి ఖరాఖండిగా చెబుతుంది: ప్రజల దగ్గర తీసుకున్న డబ్బు ప్రజల పనికే వాడాలి, క్లబ్ నిర్వహణకు ముట్టుకోకూడదు. వేరే క్లబ్బుల్లో ఈ గీత ఎంత గట్టిగా ఉందో మీరే అడిగి తెలుసుకోండి. అడిగితే చిన్నబుచ్చుకునే క్లబ్బుకు ఇవ్వకండి.

ఒకసారి మా దగ్గరే పొరపాటు జరిగింది. కంటి శిబిరం బిల్లుల మధ్య ఒక శాలువా బిల్లు, రెండు బొకేల బిల్లు కలిసిపోయి సేవా ఖాతాలో ఎక్కేశాయి. చిన్న మొత్తమే. సంవత్సరాంతంలో లెక్కలు సరిచూస్తున్న ఆడిటరు గారు కళ్లద్దాలు పైకి నెట్టుకుని, "శాలువా ఎవరి కంటికి కట్టారండీ?" అని అడిగారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు సభ్యులందరం తలా కొంత వేసుకుని ఆ డబ్బు తిరిగి సేవా ఖాతాలో జమచేశాం. అప్పటి నుంచి బిల్లు చేతికి రాగానే దాని వెనక 'ఊరు' అనో 'మనం' అనో రాసి సంతకం పెట్టాకే ఫైల్లో పెడతాను.

మరి మీ పెద్ద సంస్థకు పంపే డబ్బు అమెరికా పోతుంది కదా?

కొంత పోతుంది, మళ్లీ వస్తుంది. రోటరీ ఫౌండేషన్ (విరాళాలు పోగుచేసి సేవా పనులకు ఇచ్చే రోటరీ నిధి) ఆలోచన 1917లో ఆర్చ్ క్లంఫ్ అనే ఆయనది. దానికి వచ్చిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. ఇవాళ వార్షిక నిధికి పంపిన దాన్ని మూడేళ్లు పెట్టుబడిలో ఉంచుతారు. తర్వాత దాదాపు సగం మన రోటరీ డిస్ట్రిక్టుకే (చుట్టుపక్కల క్లబ్బులన్నీ కలిసిన విభాగానికి) తిరిగి వస్తుంది, చిన్న చిన్న పనులకు గ్రాంటుగా వాడుకోవచ్చు. పెద్ద పనికైతే వేరే దేశం క్లబ్బుతో కలిసి గ్లోబల్ గ్రాంటుకు పెట్టుకోవాలి, దానికి బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. లయన్స్ వాళ్లకు 1968 నుంచి వాళ్ల ఫౌండేషన్ ఉంది. మాలాంటి చిన్న ఊరి క్లబ్బుకు ఒక్క డయాలసిస్ మిషన్ కొనడం తలకు మించిన పని, అలాంటప్పుడు ఈ దారి పనికొస్తుంది. కానీ దరఖాస్తులు, ఫోటోలు, రిపోర్టులు చాలా ఉంటాయి. ఓపిక ఉన్న సెక్రటరీ దొరికిన ఏడాదే ఇది జరుగుతుంది.

కంటి శిబిరంలో అసలు ఏం జరుగుతుంది? ఊళ్లో టెంటు వేసి కోసేస్తారా?

లేదమ్మా. టెంటులో ఆపరేషన్లు చేసే రోజులు పోయాయి. శిబిరంలో చూపు పరీక్ష మాత్రమే. ఆపరేషన్ థియేటర్ ఉన్న ఆసుపత్రిలోనే ఆపరేషన్. ఇన్ఫెక్షన్ వస్తే ఉన్న కాస్త చూపూ పోతుంది కాబట్టి ఈ విషయంలో రాజీ లేదు.

పద్ధతి చెబుతాను. వారం ముందు ఊళ్లలో చాటింపు. ఆ ఉదయం ఏడింటికి స్కూలు వరండాలో బల్లలు వేస్తాం. చదువు రానివాళ్లకు అక్షరాల పట బదులు నాలుగు దిక్కులకు తిరిగిన 'ఈ' గుర్తుల పట ఉంటుంది, గీతలు ఎటు ఉంటే అటు చెయ్యి చూపించాలి. తర్వాత టార్చితో కంటిపాప చూస్తారు. పొర (శుక్లం) ముదిరిందనుకుంటే పేరు రాసుకుని బీపీ, షుగర్ చూస్తారు. షుగర్ ఎక్కువుంటే అది తగ్గేదాకా ఆగాల్సిందే. ఈ మాట చెప్పినప్పుడు ముసలాళ్ల ముఖాలు వాడిపోతాయి, అందుకే షుగర్ మందులు కూడా మేమే ఇచ్చి నెల తర్వాత మళ్లీ పిలుస్తాం.

కొండల మీది గుమ్మ, సెరంగో వైపు నుంచి వచ్చేవాళ్లకు అసలు కష్టం భాష. డాక్టరు గారు తెలుగులో "పైకి చూడమ్మా" అంటారు, ఆమెకు సవర తప్ప రాదు. ఒకప్పుడు మేం చేతులతో సైగలు చేసేవాళ్లం, వాళ్లు బెదిరిపోయేవాళ్లు. ఇప్పుడు సవర వచ్చిన ఒక టీచరమ్మ ప్రతి శిబిరానికీ వస్తుంది, బల్ల పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటుంది. ఆమె రావడం మొదలయ్యాక ఆపరేషన్ అనగానే వెనక్కి వెళ్లిపోయేవాళ్లు తగ్గారు. ఆమె బస్సు ఖర్చు, భోజనం సేవా ఖాతాలోంచే ఇస్తాం. అది దుబారా అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఈ ప్రాంతంలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు సవర నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పించారు. ఆ పని విలువ పర్లాకిమిడి వాళ్లకు ఇంకొకరు చెప్పక్కర్లేదు.

ఆపరేషన్‌కు ఎంపికైనవాళ్లను రైల్లోనో వ్యానులోనో తీసుకెళ్తాం. గుణుపూర్ నుంచి విశాఖ వెళ్లే ప్యాసింజరు మాకు పెద్ద దిక్కు. ఒక్కొక్కరితో ఒక తోడు మనిషి రావాలి, ఆ తోడు మనిషి భోజనం కూడా మాదే. కూలి పోతుందని తోడు ఎవరూ రాకపోతే మా సభ్యుల్లో ఒకరు వెళ్తారు.

నేను వెళ్లిన ఒక ప్రయాణంలో జరిగింది చెబుతాను. కాశీనగర్ దగ్గరి నుంచి వచ్చిన మామ్మ ఒకావిడకు మర్నాడు పొద్దున కట్టు విప్పారు. పక్కన కోడలు నిలబడి ఉంది. మామ్మ రెప్పలు రెండు మూడుసార్లు ఆడించి, కోడలి ముఖం చెయ్యి పెట్టి తడిమి, "ఏటే, ఇంత సన్నబడిపోనావు? తినడం లేదా?" అంది. ఆ పిల్ల గోడకు తిరిగి ఏడ్చేసింది. ఎన్నాళ్లుగానో ఆ ఇంట్లో ఆ ముసలావిడను తిప్పుతున్నది, తినిపిస్తున్నది ఆ కోడలే.

ఇంటికి చేరాక అసలు పని మొదలవుతుంది. చుక్కల మందు వారాల తరబడి వెయ్యాలి, మొదట్లో రోజుకు చాలాసార్లు, తర్వాత తగ్గిస్తూ. తలారా స్నానం కొన్నాళ్లు కూడదు, పొయ్యి పొగ తగలకూడదు, బరువులెత్తకూడదు. వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి చూపించాలి. ఈ తిరుగు పరీక్షలకు డబ్బు పక్కన పెట్టకుండా శిబిరం పెట్టడం సగం పని చేసినట్టే.

కంటి మీదే ఎందుకు అంత పట్టు?

1925లో హెలెన్ కెల్లర్ గారు లయన్స్ మహాసభకు వచ్చి అంధుల పక్షాన నిలబడమని అడిగారు. అప్పటి నుంచి అది ఆ క్లబ్బుల పని అయింది, మిగతావాళ్లూ అందుకున్నారు. కానీ మాకు కనిపించే కారణం ఇంకా దగ్గరిది. ముసలాయన చూపు పోతే ఆయనను చూసుకోవడానికి ఇంట్లో ఒక పిల్ల బడి మానేస్తుంది.

చనిపోయాక కళ్లు ఇవ్వాలంటే?

ఆరు గంటల లోపు తీసుకోవాలి. కుటుంబం ఒప్పుకుంటే చాలు, ముందు ఫారం నింపకపోయినా ఫరవాలేదు. నేత్రనిధికి (ఐ బ్యాంకుకు) కబురు చేసి, ఫ్యాను ఆపేసి, రెప్పలు మూసి తడి దూది పెట్టి, తల కింద దిండు పెట్టండి. పావుగంట, ఇరవై నిమిషాల పని. ముఖం వికారంగా అవ్వదు. పొర ఆపరేషన్ అయినవాళ్లు, కళ్లజోడు వాడేవాళ్లు కూడా ఇవ్వొచ్చు.

రక్తదాన శిబిరం మే నెల ఎండలోనే ఎందుకు పెడతారు?

ఎండాకాలంలోనే రక్తం కరువు కాబట్టి. కాలేజీలు మూసేస్తే ఇచ్చే కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లిపోతారు. ప్రమాదాలు, కాన్పులు సెలవు తీసుకోవు. ఎర్ర రక్తకణాలు నిల్వ ఉండేది 42 రోజుల లోపే, ప్లేట్‌లెట్లయితే అయిదు రోజులే. కాబట్టి జనవరిలో ఎంత సేకరించినా మే నెలకు పనికిరాదు. కూలర్లు పెడతాం, నిమ్మరసం ఇస్తాం, పొద్దున్నే మొదలుపెట్టి పదకొండు కల్లా ముగిస్తాం.

మా వైపు ఇంకో కారణం ఉంది. కొండ ప్రాంతాల్లో సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే, పుట్టుకతో వచ్చే) జబ్బున్న పిల్లలు చాలామందే. నొప్పులు వచ్చినప్పుడు, రక్తం బాగా తగ్గినప్పుడు ఎక్కించాల్సి వస్తుంది. తలసీమియా (ఇదీ పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బే) ఉన్న పిల్లలకైతే రెండు నుంచి నాలుగు వారాలకోసారి తప్పదు. 2047 నాటికి సికిల్ సెల్‌ను నిర్మూలించాలని 2023 జులై 1న కేంద్రం మిషన్ మొదలుపెట్టింది. మంచిదే. ఈలోగా ఈ నెల ఎక్కించాల్సిన రక్తం ఎవరో ఒకరు ఇవ్వాలి.

18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి. డబ్బుకు రక్తం అమ్మడం 1998 నుంచి నిషేధం, కాబట్టి "ఎంత ఇస్తారు?" అని అడిగితే చేతులు జోడించి పంపేస్తాం.

తుఫాను వచ్చినప్పుడు పాత బట్టలు ఇస్తే తీసుకోలేదు. ఎందుకు?

మీకు కోపం వచ్చి ఉంటుంది, మన్నించండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి పడిపోయాయి. ఆ వానంతా మా కొండల మీద కురిసింది. మా జిల్లాలోని బారాఘర దగ్గర కొండచరియ విరిగిపడి మనుషులు పోయారు. ఆ రోజుల్లో మా హాలు నిండా పాత బట్టల మూటలు వచ్చాయి. చిరిగినవి, తడిసినవి, పెళ్లి కోట్లు కూడా. వాటిని విడదీయడానికి ఆరుగురు రెండు రోజులు కూర్చున్నారు. అవతల కొండ మీద ఊళ్లలో మనుషులు పైకప్పు లేక తడుస్తుంటే ఆ ఆరుగురు వాళ్ల దగ్గర ఉండాల్సింది. ఆ బాధ నాకు ఇంకా ఉంది.

అందుకే ఇప్పుడు జాబితా ముందే పెట్టుకున్నాం. టార్పాలిన్లు, నైలాన్ తాళ్లు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, నీళ్లలో వేసే క్లోరిన్ బిళ్లలు, ఆడవాళ్లకు శానిటరీ ప్యాడ్లు, అటుకులు, బెల్లం. సెప్టెంబరులోనే కొని గోడౌన్లో ఉంచుతాం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, రెండూ అక్టోబరు 12నే తీరం దాటాయి, తిత్లీ 11న. మాకు దసరా నెల అంటే తుఫాను నెల కూడా. కాబట్టి తుఫాను వచ్చాక ఇచ్చే పదివేల కన్నా ఆగస్టులో ఇచ్చే రెండువేలు మాకు ఎక్కువ పనికొస్తుంది.

స్కూలుకిచ్చిన మంచినీళ్ల ప్లాంటు మూలన పడి ఉంది. ఇదేనా సేవ?

నిజమే. ఒక బడికి ప్లాంటు పెట్టాం, రిబ్బన్ కట్ చేశాం, ఫోటో దిగాం. ఫిల్టరు మార్చే డబ్బు ఎవరిదో రాసుకోలేదు. ఏడాదిలోపే ఆగిపోయింది. పిల్లలు మళ్లీ బోరు దగ్గరికే వెళ్లారు. తప్పు మాదే. ఇప్పుడు ఏ వస్తువు ఇచ్చినా మూడేళ్ల నిర్వహణ ఖర్చు ముందే పక్కన పెడతాం, అది పెట్టలేకపోతే ఆ వస్తువు ఇవ్వం. దానివల్ల ఏడాదికి చేసే పనుల సంఖ్య తగ్గింది. తగ్గినా మంచిదే అనుకుంటున్నాను.

చదువుకు సాయం చేస్తారా? తెలుగు పిల్లలకే ఇస్తారా?

ఫీజు కట్టలేని పిల్లలకు చేస్తాం, ఏ భాష అని చూడం. డబ్బు ఇంట్లో చేతికివ్వం, కాలేజీ ఖాతాకే కడతాం.

తెలుగు పిల్లల సంగతి వేరుగా చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇళ్లలో తెలుగు అలాగే నిలిచింది గానీ బళ్లలో తగ్గుతూ వచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు అందించే ప్రయత్నం చేయాలని రాజ్యాంగం 350ఏ అధికరణం చెబుతుంది. టీచర్లు లేకపోతే ఆ మాట కాగితం మీదే ఉంటుంది. టీచర్లను వేయడం మా చేతిలో లేదు. మేం చేయగలిగింది ఆదివారం రెండు గంటలు. రిటైరైన మాస్టార్లు ఇద్దరు తెలుగు చదవడం, రాయడం నేర్పుతారు, పలకలు, కథల పుస్తకాలు క్లబ్ ఇస్తుంది. ఆ తరగతికి ఒడియా ఇళ్ల పిల్లలు కూడా వస్తున్నారు, ఎందుకంటే వాళ్ల నాన్నలకు పాతపట్నం, టెక్కలిలో వ్యాపారం.

రసీదు ఇస్తారా? పన్ను తగ్గుతుందా?

రసీదు లేకుండా ఎవరికీ ఇవ్వకండి. పన్ను మినహాయింపు గుర్తింపు (80జి) ఉన్న ట్రస్టు ద్వారా ఇస్తేనే మినహాయింపు, అదీ పాత పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకే. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ మినహాయింపు రాదు, చెక్కో యూపీఐయో వాడండి. పాన్ నంబరు ఇవ్వడం మరచిపోకండి.

మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, పంపిస్తానంటున్నాడు.

భారత పాస్‌పోర్టు ఉండి, తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఫరవాలేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే అది విదేశీ విరాళం కిందకు వస్తుంది, దాన్ని ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. మా దగ్గర అది లేదు. అలాంటప్పుడు మీ అబ్బాయిని అక్కడి క్లబ్బుతో మాట్లాడమనండి, గ్రాంటు దారిలో రావొచ్చు.

పోలియో పోయింది కదా, ఇంకా దానికెందుకు డబ్బు?

మన దేశంలో చివరి కేసు 2011 జనవరి 13న హౌరాలో. 2014 మార్చి 27న పోలియో లేని దేశంగా గుర్తింపు వచ్చింది. రోటరీ 1985 నుంచి దీని వెనక పడింది. అఫ్గానిస్థాన్, పాకిస్థాన్‌లలో వైరస్ ఇంకా ఉంది. ఎక్కడ ఉన్నా అది ప్రయాణం చేస్తుంది. మా వంతు పని చిన్నది: పల్స్ పోలియో ఆదివారం ఆశా కార్యకర్తలకు వాహనం, మధ్యాహ్నం భోజనం.

గుడి కడుతున్నాం, ఉత్సవానికి చందా ఇస్తారా?

సేవా ఖాతా నుంచి ఇవ్వం. మా సభ్యులు సొంత జేబులోంచి ఇస్తారు, వాళ్లనే అడగండి.

మాకే సాయం కావాలి. ఎవరిని అడగాలి, ఏం తేవాలి?

తెలిసిన సభ్యుడెవరికైనా చెప్పండి. తెల్ల కాగితం మీద తెలుగులోనో ఒడియాలోనో రాసివ్వండి, రాయడం రాకపోతే మేమే రాసుకుంటాం. ఆసుపత్రి ఖర్చయితే డాక్టరు చీటీ, అంచనా బిల్లు, ఆధార్ కావాలి. ముందు చూసేది ప్రభుత్వ పథకంలో అయ్యే పనేమో. ఇక్కడ చాలామంది చిక్కుకునేది అక్కడే: కార్డు ఒడిశాది, వెళ్లాలనుకునే ఆసుపత్రి శ్రీకాకుళంలోనో విశాఖలోనో. ఆంధ్రలో ఆరోగ్యశ్రీ (ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) ఆ రాష్ట్రం వాళ్లకే. కాబట్టి వెళ్లేముందే ఆ ఆసుపత్రికి ఫోన్ చేసి మీ కార్డు తీసుకుంటారో లేదో మేం అడుగుతాం. లేదంటే బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకి తీసుకెళ్లడం మంచిదా అని ఆలోచిస్తాం. ఎన్నోసార్లు ఆ ఫోన్ కాల్‌తోనే పని అయిపోయింది, రూపాయి ఖర్చు కాలేదు. సాయం అందినవాళ్ల పేరు, ఫోటో వాళ్లు ఒప్పుకుంటేనే బయట పెడతాం.

నా దగ్గర డబ్బు లేదు. నేనేం ఇవ్వగలను?

మీ వీధిలో పొర ఆపరేషన్ అయినవాళ్లు ఎవరున్నారో చెబుతాం. చుక్కలు వేసే మనిషి లేని ముసలాళ్లు ఉంటారు, కొడుకులు సూరత్‌లోనో చెన్నైలోనో పనిలో ఉంటారు. మీరు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి చేతులు సబ్బుతో కడుక్కుని, సీసా మూతి కంటికి తగలకుండా ఒక్క చుక్క వెయ్యాలి. మధ్యాహ్నం, రాత్రి వేసేవాళ్లను వేరే చూస్తాం. వేళలు గుర్తుండటానికి ఒక అట్టముక్క ఇస్తాం, దాని మీద ఉదయానికి కోడి, మధ్యాహ్నానికి సూర్యుడు, సాయంత్రానికి దీపం, రాత్రికి చంద్రుడు బొమ్మలు ఉంటాయి. వేసిన ప్రతిసారీ బొమ్మ కింద పెన్సిలుతో గీత పెట్టాలి. నెల చివర ఆ అట్టముక్క తెచ్చి నాకివ్వండి, రసీదులతో పాటు అదే ఫైల్లో పెడతాను.